1996 వేసవిలో మూడు నింపాదులు: అమెరికా దక్షిణాది ర్యాప్‌ను దేనితో మొదలుపెట్టాలి

అమెరికా దక్షిణ రాష్ట్రాల ర్యాప్‌లో తాపీగా సాగే పాటలు వినాలనుకునేవారు ముందుగా ఒక మంచి పాట పేరు చెప్పమని అడుగుతారు. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే వారికి మేలు జరగదు, ఎందుకంటే ఆ పాటల నింపాది ఒకే రకానిది కాదు. కొన్నింటిలో గొంతుతో సహా మొత్తం ధ్వని నెమ్మదిస్తుంది. కొన్నింటిలో బీటు నెమ్మదిగా నడుస్తూ ఉంటే ర్యాపర్ దానికి ఇంకొంచెం వెనకగా, తీరిగ్గా మాటను వదులుతాడు. మరికొన్నింటిలో వాద్యాలు ఎండవేళ అరుగు మీద చేరబడినట్టు ఉంటే, వాటి మీద మాట మాత్రం చురుగ్గా పరుగెత్తుతుంది. తనకు కావలసింది వీటిలో ఏదో తెలియని శ్రోత సరిపడని దానితో మొదలుపెట్టి, ఈ సంగీతమంతా ఇంతేనని వదిలేస్తాడు. అలా వదిలేసినవారిని చాలామందిని చూశాను కాబట్టే ఈ పోలిక రాస్తున్నాను.

ఎంపికకు వీలుగా ఈ మూడు రకాలకూ మూడు గట్టి ఉదాహరణలు ఒకే వేసవిలో, రెండే నెలల వ్యవధిలో పుట్టాయి. 1996 జూన్ 27న హ్యూస్టన్‌లో డీజే స్క్రూగా పేరుపడ్డ రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్ ఒక మిత్రుడి పుట్టినరోజుకు క్యాసెట్ రికార్డు చేశాడు. జూలై 30న అదే టెక్సస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్ పట్టణానికి చెందిన యూజీకే జంట ‘రైడిన్ డర్టీ’ ఆల్బమ్ విడుదల చేసింది. ఆగస్టు 27న జార్జియా రాష్ట్రం అట్లాంటా నుంచి అవుట్‌క్యాస్ట్ జంట రెండో ఆల్బమ్ ‘ఏటీలియన్స్’ వచ్చింది. మూడూ దక్షిణాదివే, మూడూ తాపీవే, కానీ ఒకటి నచ్చినవారికి మరొకటి నచ్చితీరాలని లేదు.

దక్షిణాది అనగానే మనకు మన దక్షిణాదే గుర్తొస్తుంది కనుక, ఇక్కడ ఆ మాటకు టెక్సస్, జార్జియా, టెనెసీ, మిసిసిపీ, లూసియానా వంటి రాష్ట్రాలని అర్థం చేసుకోవాలి. అక్కడి ర్యాప్ అంతా నింపాదిది కూడా కాదు. ఫ్లోరిడాలో పుట్టిన మయామీ బేస్ అనే ర్యాప్ రకం నిమిషానికి 120 దెబ్బలు దాటి పరుగెడుతుంది, న్యూ ఆర్లీన్స్‌లోని బౌన్స్ అనే రకం చిందులు వేయించడానికే పుట్టింది. ఆ రెండింటినీ ఈ పోలికలోకి తీసుకురావడం లేదు.

నెమ్మది వేరు, నింపాది వేరు

క్షేత్రయ్య పదాన్ని చౌక కాలంలో పాడగా విన్నవారికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. కాలం సాగినకొద్దీ స్వరానికీ స్వరానికీ మధ్య చోటు పెరుగుతుంది, గాయని ఆ చోటును ఎలా వాడుకుంటుందన్న దాని మీదే పదం నిలుస్తుంది. దక్షిణాది ర్యాప్‌లోనూ అంతే. 90ల నాటి న్యూయార్క్ ర్యాప్ సుమారుగా నిమిషానికి 90 దెబ్బలు, అంతకు కాస్త పైన నడిస్తే, టెక్సస్ తాపీ పాటలు చాలావరకు 70, 80 ప్రాంతంలో తిరుగుతాయి. కానీ వేగం తగ్గించినంత మాత్రాన పాటకు తీరిక రాదు. నెమ్మదిగా ఉండి భయపెట్టే పాటలు ఉన్నాయి, నెమ్మదిగా ఉండి ఏడిపించే పాటలూ ఉన్నాయి.

తీరిక ఎక్కువగా రెండు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది బేస్, అంటే కింది స్థాయి మోత. రోలాండ్ సంస్థ 1980లో తెచ్చి 1983లో ఆపేసిన టీఆర్-808 అనే డ్రమ్ యంత్రంలో కిక్ అనే పెద్ద డ్రమ్ము శబ్దాన్ని సాగదీసే వీలుంది; దెబ్బ పడ్డాక గుడి గంటలాగా కాసేపు మోగుతూ మెల్లగా తగ్గుతుంది. ఆ మోత తర్వాతి దెబ్బదాకా అల్లుకుని ఉండడం వల్ల, మధ్యలో ఏ వాద్యమూ మోగకపోయినా ఖాళీ అనిపించదు. రెండోది మాట పడే చోటు. కర్ణాటక సంగీతంలో తాళం మొదలయ్యాక పాట ఎత్తుకునే అనాగత ఎత్తుగడ మనకు తెలుసు, అయితే అక్కడ ఆ ఆలస్యానికి లెక్క ఉంటుంది. దక్షిణాది ర్యాపర్ చేసే ఆలస్యానికి లెక్క లేదు; ఊపిరిని బట్టి, నోటి తీరును బట్టి, అచ్చును ఎంతసేపు నాలుక మీద నిలుపుతాడన్న దాన్ని బట్టి మాట తాళం దెబ్బకు వెంట్రుకవాసి వెనకబడుతుంది. అక్కడి యాసలోనే అచ్చులు సాగుతాయి కాబట్టి, ఇందులో నేర్చుకున్న విద్య ఎంతో, పుట్టుకతో వచ్చింది ఎంతో విడదీయలేం.

అందుచేత ఎంపికకు నేను వాడే పరీక్ష ఒకటి చెబుతాను. పాట మొదటి రెండు నిమిషాల్లో పాదంతో బీటును వేయండి, చేతి వేలితో ర్యాపర్ పలికే అక్షరాలను తట్టండి. పాదమూ వేలూ రెండూ బరువెక్కి, నీటిలో కదులుతున్నట్టు అనిపిస్తే అది హ్యూస్టన్ దారి. పాదం నెమ్మదిగా పడుతూ వేలు దానికి ఎప్పుడూ ఒక పిసరు వెనకే ఉంటే పోర్ట్ ఆర్థర్ దారి. పాదం తాపీగా ఉండగా వేలికి తీరిక దొరక్కపోతే అట్లాంటా దారి.

హ్యూస్టన్: టేపే నెమ్మదించిన చోట

డీజే స్క్రూ పనితనం రెండు పనుల్లో ఉంది. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకటి రెండోదానికి ఒక దెబ్బ వెనకగా నడిచేలా చేసి, మధ్యనున్న ఫేడర్ మీటను అటూ ఇటూ జరుపుతూ మాటనో, స్నేర్ అనే చిన్న డ్రమ్ము దెబ్బనో రెండుసార్లు వినిపించేవాడు. ఆ మిశ్రమాన్ని టేపు మీద వేగం తగ్గించి దించేవాడు. టేపు నెమ్మదిస్తే శ్రుతి కూడా దిగుతుంది: వేగం 16 శాతం తగ్గితే శ్రుతి, హార్మోనియం మీద నల్లమెట్లనూ తెల్లమెట్లనూ కలిపి లెక్కిస్తే, సుమారు మూడు మెట్లు కిందికి వస్తుంది. కుర్రవాడి గొంతు పెద్దాయన గొంతవుతుంది, తాళం పులిసిన పిండిలా సాగుతుంది.

ఈ టేపులు మొదట కొట్లలో దొరికేవి కావు. మిత్రులు తమకు కావలసిన పాటల చిట్టా రాసి ఇస్తే వాటితో టేపు కట్టి ఇచ్చేవాడు. తర్వాత ఆయన ఇంటి గేటు ముందు కొనేవారి కార్లు బారులు తీరాయి. 1998లో సొంత దుకాణం తెరిచాడు. హ్యూస్టన్ దక్షిణ భాగంలో కార్లకు మెరిసే రంగు వేయించి, పక్కలకు పొడుచుకొచ్చే చువ్వల చక్రాలు బిగించి, వీధుల్లో నెమ్మదిగా తిప్పే అలవాటు ఉంది. అలాంటి కారును స్లాబ్ అంటారు. నడకకు తగ్గ పాట, పాటకు తగ్గ నడక అన్నట్టు, ఈ టేపులూ ఆ కార్లూ ఒకదానికొకటి అమరాయి.

జూన్ 27 టేపులో ముఖ్యమైన ముక్క అరగంటకు పైగా సాగుతుంది. అట్లాంటా పిల్లల జంట క్రిస్ క్రాస్ పాటలోని బీటును నెమ్మదింపజేసి, దాని మీద స్క్రూ మిత్రబృందం ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు మాటలు అల్లుకుంటూ పోతారు. హ్యూస్టన్‌లో ఇప్పటికీ ఏటా ఆ తేదీని తలుచుకుంటారు. అయినా కొత్తవారికి దీన్ని మొదటగా సూచించను. ఎవరి వంతు ఎప్పుడొచ్చిందో, ఎవరి పేరు ఎందుకు తలుచుకున్నారో తెలియనివారికి అది పరాయి ఇంటి పెళ్లి వీడియోలా ఉంటుంది. అదే 1996లో ఆల్బమ్‌గా వచ్చిన ‘త్రీ ఇన్ ద మార్నిన్’ రెండో భాగం మొదలుపెట్టడానికి నయం. పాటలు విడివిడిగా ఉంటాయి, ధ్వని కూడా శుభ్రంగా ఉంటుంది.

రాత్రి పదకొండు దాటాక ఒంటరిగా వినేవారికి, పాటలో కథ కంటే ఆవరణాన్ని కోరుకునేవారికి, ఒక్క శబ్దం మీద మనసు నిలిపి కూర్చోగలవారికి హ్యూస్టన్ దారి సరిపోతుంది. ప్రతి మాటా పట్టుకోవాలనుకునేవారికి ఇది నిరాశే మిగులుస్తుంది. పని చేసుకుంటూ వెనక వినిపించుకోవడానికి కూడా పనికిరాదు, మాట మధ్యలో తిరగబడి మళ్లీ వచ్చినప్పుడల్లా చేతిలోని పని ఆగిపోతుంది.

ఈ రకం ధ్వని తెలుగువారికి పూర్తిగా కొత్తదేమీ కాదు. మన సినిమా పాటలను నెమ్మదింపజేసి, ప్రతిధ్వని చేర్చి యూట్యూబ్‌లో పెట్టే ‘స్లోడ్ అండ్ రివర్బ్’ రూపాలు కొన్నేళ్లుగా కుర్రకారులో బాగా నడుస్తున్నాయి. ఆ అలవాటు వంశవృక్షాన్ని వెనక్కి తడుముకుంటూ పోతే హ్యూస్టన్‌లోని ఆ ఇంటికే చేరతాం. అవి ఇష్టపడేవారు స్క్రూతో నిశ్చింతగా మొదలుపెట్టవచ్చు. ఒక్క తేడా మాత్రం గమనించాలి: మన రూపాల్లో వేగం తగ్గించి వదిలేస్తారు, స్క్రూ చేసిన కోత పని వాటిలో ఉండదు. ఆ కోతే లేకపోతే ఆయన టేపులు నిద్రమత్తుగా ఉండేవి. ఈ పద్ధతి ర్యాప్‌ను దాటి కూడా వెళ్లింది. 2016లో వచ్చిన ‘మూన్‌లైట్’ సినిమాకు నికొలస్ బ్రిటెల్ వాద్యబృందంతో వాయింపజేసిన సంగీతాన్నే ఇలా నెమ్మదింపజేసి వాడాడు.

పోర్ట్ ఆర్థర్: చర్చి ఆర్గన్, చేతి గిటార్

ఒకే ఒక్క దారి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

పోర్ట్ ఆర్థర్ హ్యూస్టన్‌కు తూర్పున, లూసియానా సరిహద్దు దగ్గర, చమురు శుద్ధి కర్మాగారాల మధ్య ఉన్న పట్టణం. 1973లో పుట్టిన ఇద్దరు, పింప్ సీ అనే చాడ్ బట్లర్, బన్ బీ అనే బెర్నార్డ్ ఫ్రీమన్, అక్కడి నుంచి యూజీకేగా వచ్చారు. పింప్ సీ తండ్రి ట్రంపెట్ వాద్యకారుడు. కొడుకు ర్యాప్ చెప్పడంతో పాటు సంగీతం కూర్చేవాడు, పల్లవులు పాడేవాడు. తమ సంగీతాన్ని హిప్-హాప్ అనకుండా ‘కంట్రీ ర్యాప్ ట్యూన్స్’ అని పిలుచుకున్నాడు. అందులో దాపరికం లేదు: చర్చిలో మోగే ఆర్గన్, బ్లూస్ గిటార్ వంపులు, మెత్తగా నడిచే బేస్ గిటార్, వాటి కింద బిగువు లేని డ్రమ్స్. ‘రైడిన్ డర్టీ’లో ఆయనతో పాటు న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన ఎన్.ఓ. జో కూడా పనిచేశాడు. యంత్రం మోత తక్కువ, వేళ్ల జాడ ఎక్కువ.

మొదట వినవలసింది ‘వన్ డే’. ఐస్లీ బ్రదర్స్ పాత పాటలోని ముక్క మీద కట్టిన ఆ బీటు ఎంత హాయిగా ఉంటుందో, మాటలు అంత బరువుగా ఉంటాయి. ఇవాళ ఉన్నవాడు రేపు ఉండడన్న ఒకే మాట చుట్టూ చరణాలు తిరుగుతాయి. ఇల్లు కాలి పసిబిడ్డను పోగొట్టుకున్న మిత్రుడి ప్రస్తావన పింప్ సీ చరణంలో వస్తుంది. ఆ కబురు ఆయన గొంతు పెంచకుండా, వాకిట్లో కూర్చుని పక్కింటివారితో చెప్పినట్టు చెబుతాడు. దక్షిణాది నింపాది అంటే ఏమిటని అడిగినవారికి నేను చూపించేది ఆ చోటే. విశ్రాంతిలో ఉన్నవాడి తీరిక కాదది. ఎంత చెడ్డ కబురైనా తొందరపడితే మారదని తెలిసినవాడి తీరిక.

ఈ జంటలో ఇద్దరి గొంతులూ చక్కగా ఎడం చూపిస్తాయి. పింప్ సీది ముక్కులోంచి వచ్చే సన్నని గొంతు, పద్యం చివర రాగం తీసినట్టు మాట చివరి అచ్చును లాగుతాడు. బన్ బీది మోటబావిలోంచి వచ్చినట్టుండే బరువైన గొంతు, వరుసలో అక్షరాలు కిక్కిరిసి ఉన్నా ఒక్కటీ తొట్రుపడదు. పింప్ సీ వెనకబడి తీరికను చూపిస్తాడు, బన్ బీ నిండుగా పలికి కూడా తొందర కనపడనివ్వడు. పాదం-వేలు పరీక్ష నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి జంట దొరకదు.

ఈ ఆల్బమ్ నుంచి విడి పాటగా ఏదీ విడుదల కాలేదు, వీడియో కూడా తీయలేదు. అయినా ఐదు లక్షల ప్రతులకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. శ్రోతకు ఇందులో ఒక ఉపయోగకరమైన సూచన ఉంది. ఒక పాటను ముందుకు తోసి మిగతావాటిని వెనక్కి నెట్టిన ఆల్బమ్ కాదు కాబట్టి, దీన్ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా వినాలి. జాబితాల నుంచి రెండు పాటలు ఏరుకుని వింటే సగమే దొరుకుతుంది. కార్ల లోపలి చెక్కపనినీ బతుకు బరువునూ ఒకేచోట పెట్టే ‘డైమండ్స్ అండ్ వుడ్’ ఆ వరుసలో వచ్చినప్పుడే తన చోటులో కూర్చుంటుంది.

బ్లూస్, గాస్పెల్, పాత సోల్ సంగీతం ఇష్టమున్నవారు, హార్మోనియం పెట్టె శబ్దానికి మనసు కరిగేవారు, కారులో ఇంకొకరితో కలిసి వినేవారు ఈ దారి పట్టాలి. మరింత చిందు కావాలంటే 1994 నాటి ‘సూపర్ టైట్’ ఉంది. 2007 నాటి రెండు డిస్కుల ఆల్బమ్ ‘అండర్‌గ్రౌండ్ కింగ్జ్’ అమెరికా బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానానికి చేరింది, కానీ పొడవెక్కువ, మనోభావం పాటపాటకూ మారిపోతుంది. మొదటి పరిచయానికి దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

అట్లాంటా: వాద్యం చేరబడితే మాట పరుగెత్తే చోటు

ఆర్గనైజ్డ్ నాయిజ్ అనే ముగ్గురు నిర్మాతలు, రికో వేడ్, రే మర్రే, స్లీపీ బ్రౌన్, రికో వేడ్ తల్లి ఉన్న ఇంటి కింద, మట్టి గోడల నేలమాళిగలో తమ పని మొదలుపెట్టారు. దాన్ని అందరూ ‘డంజన్’ అనేవారు. పాత రికార్డుల నుంచి ముక్కలు తీసుకునే పద్ధతి రాజ్యమేలుతున్న రోజుల్లో వారు వాద్యకారులను పిలిపించి బేస్ గిటార్, గిటార్, కీబోర్డు నేరుగా వాయింపజేయడానికి మొగ్గు చూపారు. స్లీపీ బ్రౌన్ తండ్రి అట్లాంటా ఫంక్ బృందం ‘బ్రిక్’లో పాడినవాడే కాబట్టి, ఈ కొత్త సంగీతంలో పాత తరం గది వాసన సహజంగానే కలిసింది.

ఆ నేలమాళిగ నుంచి వచ్చిన ఆండ్రే, బిగ్ బాయ్ ఇద్దరూ కలిసి అవుట్‌క్యాస్ట్. 1995 ఆగస్టులో న్యూయార్క్‌లో జరిగిన ‘సోర్స్’ అనే ర్యాప్ పత్రిక పురస్కారాల సభలో కొత్త బృందంగా వారి పేరు పిలిచినప్పుడు సభలో కొందరు గేలి చేశారు. దక్షిణాదికి చెప్పుకోవలసింది ఉందని ఆండ్రే ఆ వేదిక మీదే సూటిగా అన్నాడు. సినిమాల్లో చాలా కాలం హాస్యానికో విలన్‌కో సరిపెట్టిన తెలంగాణ యాస, పాటల్లో తలెత్తుకుని నిలబడ్డ తీరు గుర్తున్న మనకు ఆ మాట వెనకున్న కోపం అర్థమవుతుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘ఏటీలియన్స్’లో ఆ కోపం అరుపుగా మారలేదు, ఇంకా చల్లబడి దూరమైంది.

అందులోని ‘ఎలివేటర్స్’ పాటలో బేస్ నాలుగు అడుగులు వేసి ఆగినట్టు నడుస్తుంది, పైన ప్రతిధ్వని తేలుతూ ఉంటుంది. ఆ ఖాళీలో ఇద్దరూ తమ ఎదుగుదల కథను చెప్పుకుంటూ పోతారు. మాట వేగంగా పడుతుంది కానీ గొంతులో ఆయాసం ఉండదు. చిరుతల రామాయణంలో పాట తాపీగా నడుస్తుండగా కర్రల చప్పుడు చకచక పడినట్టు, రెండు వేగాలు ఒకదానినొకటి చెడగొట్టకుండా కలిసి సాగుతాయి. మాటల పొందికను ఆస్వాదించేవారికి, నెమ్మది పాట పది నిమిషాల్లో విసుగు పుట్టిస్తుందని భయపడేవారికి నేను అట్లాంటానే సూచిస్తాను.

అవుట్‌క్యాస్ట్ తొలి మూడు ఆల్బమ్‌ల మధ్య ఎంచుకోవలసి వస్తే ఇలా చూడాలి. 1994 నాటి మొదటిది ఎండపూట, కారు కిటికీలు దింపి వినేది. ఫంక్ ఎక్కువ, ఆలోచన తక్కువ. ‘ఏటీలియన్స్’ రాత్రిపూటది, చల్లనిది. 1998 నాటి ‘అక్వెమినై’ వాద్యపరంగా అన్నిటికంటే సంపన్నమైనది. అందులో ఏడు నిమిషాల పైచిలుకు సాగే ‘స్పాటీఆటీడోపలిషస్’ పాటలో ఇద్దరూ ర్యాప్‌ను వదిలి మామూలు మాటలాగా కథ చెబుతారు, మధ్యమధ్య ఊదే వాద్యాల వరుస ఒకటి మళ్లీ మళ్లీ వచ్చి వెళుతుంది. తాపీదనం అనే గుణాన్ని ఒక్క పాటలో చూపించమంటే, పోర్ట్ ఆర్థర్ మీద నాకున్న మమకారాన్ని పక్కన పెట్టి, దీని పేరే చెప్పవలసి వస్తుంది. అదే నేలమాళిగ నుంచి 1995లో వచ్చిన గూడీ మాబ్ ‘సోల్ ఫుడ్’లో తీరిక కన్నా దిగులు పాలు ఎక్కువ, మిగతావాటి తర్వాత వినాలి.

ఈ మూడింటిలోనూ ఇమడనివి

మెంఫిస్ నగరం ఆరెంజ్ మౌండ్ పేటకు చెందిన ఎయిట్‌బాల్ అండ్ ఎంజేజీ జంట 1993లో ‘కమిన్ అవుట్ హార్డ్’తో మొదలైంది, పోర్ట్ ఆర్థర్ నచ్చినవారికి వీరు సహజమైన తర్వాతి మెట్టు. అదే నగరపు త్రీ సిక్స్ మాఫియా తొలి ఆల్బమ్ 1995 నాటి ‘మిస్టిక్ స్టైల్జ్’ కూడా నెమ్మదే, కానీ ఆ నెమ్మది శ్మశానం పక్కన నడిచేవాడిది. తీరిక కోసం వచ్చినవారు దాని జోలికి వెళ్లవద్దు. హ్యూస్టన్‌కు చెందిన స్కార్‌ఫేస్ గొప్ప రచయిత, ఆయన పాటల్లో నెమ్మది దుఃఖం వైపు మొగ్గుతుంది. మనసు ఇప్పటికే బరువుగా ఉన్న రోజున వినవలసినది కాదు. నవ్వుతూ, కూనిరాగం తీస్తున్నట్టు వినిపించే ర్యాప్ కావాలంటే అదే ఊరి డెవిన్ ద డ్యూడ్ ఉన్నాడు.

పాత రికార్డింగుల మసక ధ్వని చెవికి ఎక్కనివారు మిసిసిపీలోని మెరిడియన్‌కు చెందిన బిగ్ క్రిట్‌తో మొదలుపెట్టవచ్చు. 2010, 2011లలో వచ్చిన ఆయన మిక్స్‌టేప్‌లలో యూజీకే వారసత్వం స్పష్టంగా వినిపిస్తుంది, ధ్వని కొత్త కాలానిది. 2012లో వచ్చిన ఆయన ఆల్బమ్‌లో ఒక పాటకు బ్లూస్ పెద్దాయన బి.బి. కింగ్ తోడయ్యాడు, ఆ పాట విన్నాక ఈ ర్యాప్ ఎక్కడ పుట్టిందని ఎవరూ అడగరు.

మాటల విషయం, మందు విషయం

ఈ పాటలను ఇంట్లో అందరి ముందు పెట్టదలచినవారికి ముందే చెప్పాలి: బూతులు దాదాపు అన్నింటిలో ఉన్నాయి. స్త్రీల గురించి యూజీకే పాటలు కొన్నింటిలో వాడిన మాటలు నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటాయి, సంగీతం బాగుందని వాటిని సమర్థించను. చాలా ఆల్బమ్‌లకు మాటలు శుభ్రం చేసిన రూపాలు కూడా దొరుకుతాయి. పిల్లలున్న ఇంట్లో వాటినే ఎంచుకోవాలి. అట్లాంటా పాటల్లో ఆ బాధ తక్కువ, పూర్తిగా లేదని మాత్రం చెప్పలేను.

కోడీన్, ప్రొమెథజీన్ కలిసిన దగ్గు మందును మత్తు కోసం తాగే అలవాటు ప్రస్తావన టెక్సస్ పాటల్లో పదే పదే వస్తుంది. డీజే స్క్రూ 2000 నవంబరు 16న తన స్టూడియోలోనే, 29 ఏళ్లకే, కోడీన్ అధిక మోతాదుతో చనిపోయాడు. 2007 డిసెంబరు 4న పింప్ సీ మరణానికి అదే మందు, నిద్రలో శ్వాస ఆగే జబ్బుతో కలిసి కారణమని తేలింది. ఈ ధ్వని ఆ మందు పుణ్యమేనని, అది లేకుండా ఇది అర్థం కాదని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఆర్గన్ చర్చి నుంచి, యాస నేల నుంచి, కోత పని వేళ్ల సాధన నుంచి వచ్చాయి. ఆ ఇద్దరినీ ప్రేమించే శ్రోతగా ఈ మాట గట్టిగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

దేనిమీద, ఏ రూపంలో వినాలి

ఫోను స్పీకరు మీద మాత్రం వినవద్దు. 808 కిక్ మోత చాలా కింది స్థాయిలో ఉంటుంది, ఆ చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. బేస్ పోతే మిగిలేది సన్నటి చప్పుడూ, కారణం లేకుండా ఆలస్యంగా మాట్లాడే మనిషీ. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు హ్యూస్టన్ టేపులకు బాగా నప్పుతాయి, ఎందుకంటే వాటిలోని కోతలు స్పష్టంగా తెలుస్తాయి. పోర్ట్ ఆర్థర్ పాటలకు కారే సరైన చోటు. మామూలు కారు స్పీకర్లు చాలు, అద్దాలు అదిరేలా పెంచనక్కరలేదు, సీటు వెనక చిన్నగా కంపిస్తే సరిపోతుంది. హ్యూస్టన్, డాలస్, అట్లాంటా శివార్లలో కాపురముండే తెలుగువారికి ఒక అదృష్టం ఉంది: ఆఫీసు నుంచి ఇంటికి వెళ్లే విశాలమైన, చదునైన, వాహనాలు నత్తనడక నడిచే రోడ్లే ఈ పాటలు పుట్టిన రోడ్లు.

స్క్రూ రూపాన్ని సొంతంగా తయారు చేసుకోవచ్చని కొందరు యూట్యూబ్‌లో వేగాన్ని 0.75కు తగ్గించి వింటారు. అది సరికాదు. ఆ మీట వేగాన్ని తగ్గిస్తుంది కానీ శ్రుతిని పాత చోటే నిలుపుతుంది, గొంతు లోతెక్కదు సరికదా అంచులు గరుకుగా మారతాయి. టేపులో వేగమూ శ్రుతీ కలిసే దిగుతాయి కాబట్టి ఆ గుణం వేరు. పాట పేరులో ‘చాప్డ్ అండ్ స్క్రూడ్’ అని, అంటే స్క్రూ పద్ధతిలో కోసి నెమ్మదింపజేసినదని ఉన్నా, స్క్రూ చనిపోయాక ఇతరులు చేసినవి చాలా ఉంటాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ మొదటి పరిచయం ఆయన చేతి పనితోనే జరగాలి. ఆయన రికార్డుల సేకరణను హ్యూస్టన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం భద్రపరిచిందంటే ఆ చేతి విలువ అర్థం చేసుకోవచ్చు.

ఇంత చదివాక కూడా ఎటూ తేలనివారికి ఒక్క పాట మిగిలి ఉంది. 2007లో యూజీకే, అవుట్‌క్యాస్ట్ కలిసి చేసిన ‘ఇంటర్నేషనల్ ప్లేయర్స్ ఆంథమ్’. విల్లీ హచ్ పాత సోల్ పాట ముక్క మీద కట్టిన ఆ పాటలో నలుగురూ వరుసగా నాలుగు చరణాలు చెబుతారు. మొదట ఆండ్రే వస్తాడు. అతని చరణం కింద డ్రమ్స్ ఉండవు, పాత పాట గొంతుల మీదే మాట పరుగెత్తుతుంది. అతడు ముగించాక డ్రమ్స్ దిగుతాయి, పింప్ సీ అచ్చులను సాగదీస్తూ లోపలికి వస్తాడు, ఆయన వెనక బన్ బీ, చివర బిగ్ బాయ్. రెండుసార్లు పూర్తిగా విని, మూడోసారి మీకు తెలియకుండానే ఏ చరణం దగ్గరికి పాటను వెనక్కి జరిపారో గమనించండి. ఆండ్రే దగ్గరకైతే ‘ఏటీలియన్స్’ తీయండి. డ్రమ్స్ దిగి పింప్ సీ మొదలుపెట్టే ఆ క్షణానికైతే ‘రైడిన్ డర్టీ’ మీకోసం వేచి ఉంది.